కొరియావాళ్లు భోజనానికి పిలిస్తే వంటను మర్యాదగా మెచ్చుకోవడం ఎలా

కొరియావాళ్ల ఇంట్లో భోజనానికి కూర్చున్నారనుకోండి. బల్ల మీద అన్నం, పక్కన పులుసు, చుట్టూ చిన్న చిన్న గిన్నెల్లో రకరకాల కూరలు. వండిన ఆవిడ ఎదురుగా కూర్చుని, మీరు మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా మీ మొహమే చూస్తూ ఉంటుంది. ఆ చూపు మనకు కొత్త కాదు. "ఉప్పు సరిపోయిందా?" అని అడగబోయే ముందు మన అమ్మలు చూసే చూపే అది.

ఆ క్షణంలో చాలామందికి ఒక్క మాటే గుర్తొస్తుంది: ‘మషిస్సొయో’, అంటే "బాగుందండీ". కొరియన్ సీరియళ్లు చూసేవాళ్లందరికీ అది వచ్చు. అది తప్పు మాట కాదు. కానీ మన ఇంటికొచ్చిన చుట్టం పప్పుకీ పులుసుకీ పచ్చడికీ అన్నిటికీ "బాగుంది, బాగుంది" అంటే వండినవాళ్లకు ఎంత తృప్తి ఉంటుందో, ఇక్కడా అంతే ఉంటుంది. కొరియాలో వంటను మెచ్చుకోవడం కూర్చోగానే మొదలై, మర్నాడు పంపే మెసేజ్ దాకా సాగుతుంది. ఎప్పుడు ఏ మాట, ఎవరితో ఏ ముగింపు అన్నది తెలిస్తే చాలు. మీకు వచ్చిన కొరియన్ పది వాక్యాలే అయినా ఆ ఇంటివాళ్లు మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు.

ముందుగా నోరు తిప్పడం

కొరియన్ మాటల్ని ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. మూడు సంగతులు గుర్తుంచుకుంటే పలకడం సులువు. నేను ‘ఒ’ గుణింతంతో రాసినచోట అది మన ‘ఒ’ కంటే కొంచెం తెరిచిన శబ్దం, ‘అ’కీ ‘ఒ’కీ మధ్యలో ఉంటుంది. ‘ఓ’ రాసినచోట పెదాలు గుండ్రంగా పెట్టి పలకాలి, కానీ మరీ సాగదీయొద్దు. ‘ఫ’ రాసినచోట ‘ఫ్యాన్’లోని శబ్దం కాదు, ‘ప’కి గాలి ఒత్తిన శబ్దం. ఇక ఒత్తులంటే మనకు భయం లేదు కదా. అక్క, అత్త, అమ్మ అని పుట్టినప్పటి నుంచీ పలుకుతున్నాం. ‘మషిస్సొయో’లో ఆ ‘స్స’ని గట్టిగా పలికితే చాలు, సగం యాస పట్టుబడినట్టే.

వీలైతే హంగుల్ లిపి నేర్చుకోండి. సెజోంగ్ రాజు దాన్ని 1443లో రూపొందించి 1446లో ప్రజల ముందు పెట్టాడు. ప్రధాన అక్షరాలు 24 మాత్రమే. వారం పది రోజులు రోజూ అరగంట కూర్చుంటే హోటల్ మెనూ కూడబలుక్కుని చదవగలుగుతారు.

వాక్యం చివర చూసుకోండి, మర్యాద అక్కడుంది

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, అందుకే ముందు చెబుతున్నాను. తెలుగులో "బాగుంది" అంటే ఒక రకం, "బాగుందండీ" అంటే ఇంకో రకం. కొరియన్‌లోనూ మర్యాద అంతా క్రియ చివరే కూర్చుని ఉంటుంది. క్రియ కూడా మనలాగే వాక్యం చివరకే వస్తుంది.

‘మత్’ అంటే రుచి, ‘ఇత్తా’ అంటే ఉండటం. రెండూ కలిస్తే ‘మషిత్తా’, అంటే రుచి ఉండటం. ఇక చివర చూడండి:

‘మషిస్సొ’ అంటే "బాగుందిరా", "బాగుందే" లాంటిది. తోటి స్నేహితులతో, చిన్నపిల్లలతో మాత్రమే అనాలి.

‘మషిస్సొయో’ అంటే "బాగుందండీ". ఆ చివరి ‘యో’నే మన ‘అండీ’. స్నేహితుడి తల్లితో, హోటల్ యజమానితో, పక్కింటివాళ్లతో, రోజువారీ ఎక్కడైనా సరిపోతుంది.

‘మషిస్సుమ్నిదా’ ఇంకా లాంఛనంగా ఉంటుంది. ఆఫీసులో పై అధికారితోనో, మొదటిసారి కలిసిన పెద్దవాళ్లతోనో ఇది వాడండి.

ఇవి కాక నాకు బాగా నచ్చిన ముగింపు ఇంకొకటి ఉంది. ‘మషిన్నెయో’. ఈ ‘నెయో’కి అర్థం ఏమిటంటే, ఇప్పుడే తిన్నాను, ఇప్పుడే తెలిసింది, ఆ మాట అప్రయత్నంగా నోటివెంట వచ్చింది అని. మనం మొదటి ముద్ద తిని కళ్లు పెద్దవి చేసి "అబ్బ, బాగుందండీ!" అంటామే, అది. ‘మషిస్సొయో’ అడిగితే చెప్పిన జవాబులా కూడా వినిపించవచ్చు. ‘మషిన్నెయో’ మాత్రం అడగకుండానే వచ్చిన మాటలా వినిపిస్తుంది. వండినవాళ్లకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది. మొదటి ముద్దకు ఇదే వాడండి.

"చాలా" అనడానికి పెద్దల ముందు ‘చొంగ్మల్’ (నిజంగా) వాడటం మేలు. సీరియళ్లలో గంటకు పదిసార్లు వినిపించే ‘చిన్‌చ్చా’ కూడా అదే అర్థం, కానీ అది స్నేహితుల మాట. ‘నొమూ’ అనే మాటకు అసలు అర్థం "మరీ ఎక్కువగా" అని. "మరీ కారం", "మరీ ఖరీదు" లాంటి చోట్లే వాడాలని ఒకప్పుడు బడిలో చెప్పేవాళ్లు. కానీ జనం "నొమూ మషిస్సొయో" అనడం మానలేదు. చివరికి 2015లో వాళ్ల జాతీయ భాషా సంస్థ నిఘంటువులో అర్థాన్ని మార్చి, మంచి సంగతులకూ వాడవచ్చని ఒప్పుకుంది. కాబట్టి నిస్సంకోచంగా అనండి. ‘తెబక్’ (అదిరింది) లాంటి కుర్రకారు మాటలు మాత్రం స్నేహితుడి తల్లి ముందు వద్దు.

తినకముందు ఒక మాట, తిన్నాక ఒక మాట

ఇంకేమీ గుర్తుండకపోయినా ఈ రెండూ బట్టీ పట్టండి.

తినబోయే ముందు: ‘చల్ మొక్కెస్సుమ్నిదా’. మాటకు మాట చూస్తే "బాగా తింటాను" అని. వండినవాళ్ల వైపు చూసి, తల కొద్దిగా వంచి చెప్పాలి. హోటల్లో అయితే బిల్లు కట్టబోయేవాళ్లకు కూడా ఇదే చెబుతారు.

తిన్న తర్వాత: ‘చల్ మొగొస్సుమ్నిదా’. "బాగా తిన్నాను". మన పెద్దలు విస్తరి ముందు నుంచి లేస్తూ "అన్నదాతా సుఖీభవ" అనేవారే, ఆ స్థానంలో ఉండే మాట ఇది. ఇది చెప్పకుండా లేస్తే భోజనం మధ్యలో వదిలేసి వెళ్లినట్టు ఉంటుంది.

రెంటికీ తేడా మధ్యలో ఉన్న ముక్కలోనే ఉంది: ‘మొక్కెస్’ అంటే తినబోతున్నది, ‘మొగొస్’ అంటే తినేసింది. కొత్తలో ఇవి తారుమారవుతాయి. ఇంట్లో రోజూ అన్నం ముందు కూర్చున్నప్పుడు ఒకటి, చెయ్యి కడుక్కునే ముందు ఒకటి అనుకుంటే వారంలో నోటికి వచ్చేస్తాయి. ఇంతకంటే మంచి అభ్యాసం నాకు తెలియదు.

ఒక జాగ్రత్త. వాళ్లు మీతో ‘మని తుసెయో’ అంటారు, "బాగా తినండి" అని. ‘తుసెయో’ గౌరవంగా ఎదుటివాళ్లకు చెప్పే క్రియ. జవాబు చెప్పేటప్పుడు అదే క్రియను మీ గురించి వాడకూడదు. "నేను ఆరగించాను" అని మనం అనం కదా, "తిన్నాను" అంటాం. అలాగే మీ గురించి చెప్పేటప్పుడు ఎప్పుడూ ‘మొక్’ అనే మామూలు క్రియే.

మాట ఎంత ముఖ్యమో చేతలూ అంతే ముఖ్యం. బల్ల దగ్గర అందరికంటే పెద్దవాళ్లు చెంచా తీసేదాకా ఆగండి. అన్నం, పులుసు చెంచాతో, కూరలు పుల్లలతో (చాప్‌స్టిక్స్‌తో) తినాలి. అన్నం గిన్నెను చేత్తో పైకెత్తి తినే అలవాటు అక్కడ లేదు. పుల్లల్ని అన్నంలో నిలువుగా గుచ్చకండి, అది చనిపోయినవాళ్లకు పెట్టే కర్మలను గుర్తుచేస్తుంది. పెద్దవాళ్లు ఏదైనా అందిస్తే రెండు చేతులతో తీసుకోండి. ఇవి పాటిస్తే మీ పొగడ్తకు బలం వస్తుంది.

మీరు అని పిలవకండి, వరసతో పిలవండి

తెలుగులో ఆలోచించి "మీ వంట చాలా బాగుంది" అనబోయి, నిఘంటువులో "మీరు"కి ‘తంగ్‌షిన్’ అని చూసి వాడేస్తారు కొందరు. దయచేసి వద్దు. ఎదుటి మనిషిని ‘తంగ్‌షిన్’ అనడం భార్యాభర్తల మధ్యో, గొడవపడేటప్పుడో వినిపించే మాట. కొరియావాళ్లు అసలు "మీరు" అనే మాటనే తప్పించుకుని, వరసతోనో హోదాతోనో పిలుస్తారు.

స్నేహితుడి తల్లిని ‘ఒమొనిమ్’ అనండి, "అమ్మగారూ" అన్నట్టు. ఆ చివరి ‘నిమ్’ మన ‘గారు’. హోటల్ నడిపే మనిషిని, ఆడవారైనా మగవారైనా, ‘సజంగ్‌నిమ్’ అనవచ్చు, యజమానిగారూ అని. చిన్న హోటళ్లలో వడ్డించే పెద్దావిడను చాలామంది ‘ఇమో’ అంటారు. ఇమో అంటే తల్లి చెల్లెలో అక్కో, అచ్చంగా మన పిన్నీ, పెద్దమ్మా. మన దగ్గర కూరగాయల బండి ఆవిడను "పిన్నీ" అన్నంత సహజంగా అంటారు. కొత్తవాళ్లు మాత్రం ‘ఇమోనిమ్’ అని ‘నిమ్’ చేర్చడమో, ‘సజంగ్‌నిమ్’ అనడమో మంచిది.

వంటను కాదు, చేతిని మెచ్చుకోండి

ఇక్కడికొస్తే కొరియన్, తెలుగు అక్కాచెల్లెళ్లలా మాట్లాడతాయి. ‘సోన్’ అంటే చెయ్యి, ‘మత్’ అంటే రుచి. ‘సోన్‌మత్’ అంటే చేతిరుచి. కొలతలు, మసాలాలు ఎన్ని ఉన్నా చివరికి ఆ చేతిలోనే ఏదో ఉందని వాళ్లూ నమ్ముతారు. ఒకే ఆవకాయ, అవే పాళ్లు, అమ్మమ్మ కలిపితే ఒక రుచి, మనం కలిపితే ఇంకో రుచి అని మనం అనుకోమూ?

పెద్దావిడతో ఇలా అనండి: ‘ఒమొనిమ్, ఉమ్‌షిక్ సోమ్‌ష్షిగా చొంగ్మల్ చోఉషినెయో’. "అమ్మగారూ, మీ వంట పనితనం నిజంగా గొప్పదండీ" అని. ‘చోఉషినెయో’లో ‘షి’ అనే చిన్న ముక్క ఉంది చూశారా, అదే ఆవిడకు ఇచ్చే గౌరవం. అది లేకుండా ‘చోన్నెయో’ అన్నా అర్థమవుతుంది, కానీ పెద్దవాళ్లతో ఆ ‘షి’ వదలకండి. లేదా ‘సోన్‌మషి చోఉషినెయో’ అనండి. విదేశీయుల నోట ‘సోన్‌మత్’ అనే మాట వినగానే పెద్దవాళ్ల మొహం ఎలా వికసిస్తుందో చూడాల్సిందే.

ఇంకో మెట్టు పైకి వెళ్లాలంటే అడగండి. ‘ఇగొ ఒత్తొఖె మందుషొస్సొయో?’ "ఇది ఎలా చేశారండీ?" మన దగ్గర కూడా వంటకు అసలైన మెచ్చుకోలు "ఎలా చేశారు?" అనే ప్రశ్నే. జవాబు పూర్తిగా అర్థం కాకపోయినా ఫర్వాలేదు, తలూపుతూ వినండి.

కిమ్చి దగ్గరకొస్తే ‘చేశారు’ అనే క్రియ వాడకండి. మనం ఆవకాయ ‘పెట్టాం’ అంటాం, ‘వండాం’ అనం. కొరియన్‌లో కూడా కిమ్చికి వేరే క్రియ ఉంది: ‘తమ్‌గుదా’. కాబట్టి ‘కిమ్చి చిక్‌చొప్ తమ్‌గుషొస్సొయో?’ అంటే "కిమ్చి మీరే పెట్టారా?" అని. చలికాలం రాబోయే ముందు ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ కలిసి క్యాబేజీల కొద్దీ కిమ్చి పెట్టి పంచుకునే పనిని ‘కిమ్‌జంగ్’ అంటారు. దాన్ని 2013లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఎండాకాలంలో మామిడికాయలు తుడిచి, ముక్కలు కొట్టించి, ఇల్లంతా ఒకచోట చేరి ఆవకాయ పెట్టిన జ్ఞాపకం ఉన్నవాళ్లకు ఆ ప్రశ్న ఎందుకంత విలువైనదో చెప్పనక్కర్లేదు. ఆ క్రియ సరిగ్గా వాడితే, ఆ పని ఎంత కష్టమో మీకు తెలుసని ఆవిడకు తెలుస్తుంది.

ఏది బాగుందో పేరుపెట్టి చెప్పండి

"బాగుంది" తర్వాత ఎందుకు బాగుందో ఒక్క మాట చేరిస్తే ఆ పొగడ్త నిజమని తెలిసిపోతుంది. రుచుల పేర్లు కొరియన్‌లో బోలెడు. అన్నీ అక్కర్లేదు, వీటితో మొదలుపెట్టండి.

‘కోసోహెయో’: నువ్వుల నూనె, వేయించిన నువ్వులు, పల్లీల నుంచి వచ్చే కమ్మదనం. మన ‘కమ్మగా’ అనే మాటకు ఇంత దగ్గరి మాట ఇంకో భాషలో నాకు కనబడలేదు. పాలకూరను ఉడికించి వెల్లుల్లి, నువ్వుల నూనె కలిపిన ‘షిగుమ్‌ఛి నముల్’ తిన్నప్పుడు ‘చొంగ్మల్ కోసోహెయో’ అనండి.

‘కుసుహెయో’: ఇదీ కమ్మదనమే, కానీ లోతైన, పల్లెటూరి కమ్మదనం. పులియబెట్టిన సోయా ముద్దతో చేసే ‘త్వెన్‌జంగ్ చ్చిగె’ పులుసుకీ, మాడిన అన్నం అడుగులో నీళ్లు పోసి కాచిన ‘సుంగ్‌న్యుంగ్’కీ ఈ మాట. ఆ సోయా ముద్దలు, సాస్‌లు ఇంట్లో తయారుచేసే విద్య కూడా 2024లో యునెస్కో జాబితాకు ఎక్కింది.

‘షివొన్‌హనెయో’: ఇది వింటే మొదట ఆశ్చర్యంగా ఉంటుంది. ‘షివొన్‌హదా’ అంటే చల్లగా, హాయిగా ఉండటం. కానీ పొగలు కక్కే పులుసు ఒక గుక్క తాగి, "ఆఁ, షివొన్‌హదా!" అంటారు. లోపల గొంతు నుంచి కడుపు దాకా తేలికపడిందని దాని అర్థం. జలుబు చేసినప్పుడు వేడి మిరియాల చారు తాగి "ప్రాణం లేచొచ్చింది" అంటాం చూడండి, సరిగ్గా ఆ భావమే. ‘కుంగ్మురి షివొన్‌హనెయో’, "పులుసు హాయిగా ఉందండీ". సోయా మొలకల పులుసుకో, ఎండుచేప పులుసుకో ఈ మాట అంటే, మీరు చాలాకాలంగా అక్కడే ఉంటున్నారా అని అడుగుతారు.

కారంగా, ఒళ్లు వేడెక్కించే పులుసుకు ‘ఒల్ఖున్‌హెయో’. ఇది మెచ్చుకోలు. వట్టి ‘మెవొయో’ అంటే "కారంగా ఉంది" అని మాత్రమే, ఫిర్యాదులా కూడా వినిపించవచ్చు. నూనె, మసాలా దట్టించకుండా తేటగా ఉన్న వంటకు ‘తమ్‌బెఖెయో’. మన నాలుకకు మొదట అది చప్పగా అనిపించవచ్చు, కానీ వాళ్లకు అది గొప్ప గుణం. కరకరలాడే కిమ్చికి ‘అసగసక్’, వేపుళ్లకు ‘పసక్‌పసక్’. తెలుగులోలాగే వాళ్లకూ ఇలాంటి జంట మాటలంటే ఇష్టం.

ఇంకొకటి: ‘పప్‌తోదుక్’. ‘పప్’ అంటే అన్నం, ‘తోదుక్’ అంటే దొంగ. ఏ కూరైతే గిన్నెడు అన్నాన్ని తెలియకుండానే ఖాళీ చేయిస్తుందో అది అన్నందొంగ. సోయా సాస్‌లో ఊరబెట్టిన పీతలకు ఈ పేరు స్థిరపడిపోయింది. ఏదైనా కూర తెగ నచ్చితే ‘ఇగొ చొంగ్మల్ పప్‌తోదుగినెయో’ అనండి. గోంగూర పచ్చడితో రెండు వాయలు అన్నం తిన్న మనకు ఆ దొంగ ఎవరో బాగా తెలుసు.

‘ఏమీ చేయలేకపోయాను’ అంటే

బల్ల మీద జాగా లేనన్ని గిన్నెలు పెట్టి, ఆవిడ అంటుంది: ‘ఛరిన్ గొన్ ఒప్‌చిమన్ మని తుసెయో’. "పెద్దగా ఏమీ చేయలేదు, అయినా బాగా తినండి." మనవాళ్లు "ఏదో ఉన్నంతలో" అన్నట్టే. దీనికి ‘నే’ (అవును) అని తలూపితే "అవును, ఏమీ చేయలేదు" అన్నట్టవుతుంది! ఇలా అనండి: ‘అనియెయో, సంగ్‌తరిగా పురొజిగెస్సొయో’. "అదేం లేదండీ, బల్ల కాళ్లు విరిగిపోయేలా ఉన్నాయి" అని. వంటకాల బరువుకు భోజనబల్ల కాళ్లు విరిగేంత విందు అన్నది వాళ్ల పాత నానుడి. ఇది చెప్పగానే బల్ల చుట్టూ నవ్వులు వస్తాయి, కొత్తదనం పోతుంది.

కాసేపటికి అడుగుతారు: ‘ఇబె మజుసెయో?’ మాటకు మాట "నోటికి సరిపోయిందా?" అని. మనం "నోటికి నచ్చిందా" అన్నట్టే. జవాబు: ‘నే, ఇబె చల్ మజయో’. "ఆఁ, బాగా నచ్చిందండీ."

ఇక్కడ రెండు మాటలు తప్పించుకోండి. ‘క్వెన్‌ఛనయో’ అంటే "ఫర్వాలేదు". రుచి గురించి అడిగినప్పుడు ఇది చెబితే, మన దగ్గర "ఆ, ఫర్వాలేదు" అన్నట్టే చల్లగా తగలవచ్చు. ‘మొగుల్ మన్‌హెయో’ అంటే "తినదగ్గట్టే ఉంది". ఇది పాఠ్యపుస్తకాల్లో మంచి మాటలాగే కనిపిస్తుంది, కానీ కష్టపడి వండినవాళ్లతో అనే మాట కాదు.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. బ్యాగులో కారప్పొడి డబ్బా, పచ్చడి ప్యాకెట్ ఉంటే అది బ్యాగులోనే ఉండనివ్వండి. ఆవిడ వండిన కూర మీద మన కారం చల్లుకుంటే ఎన్ని పొగడ్తలు చెప్పినా ఆ గాయం మానదు.

తినలేనిది వస్తే

గొడ్డుమాంసం, పంది మాంసం తిననివాళ్లు, అసలు మాంసమే ముట్టనివాళ్లు మనలో ఎందరో ఉన్నారు. దీనికి టెన్షన్ పడక్కర్లేదు, కానీ బల్ల దగ్గర కూర్చున్నాక చెప్పడం కన్నా పిలిచిన రోజే చెప్పేయడం మర్యాద. ‘చొనున్ సోగోగిరుల్ మోన్ మొగొయో’, "నేను గొడ్డుమాంసం తినలేనండీ". పంది మాంసానికి ‘సోగోగి’ బదులు ‘త్వెజిగోగి’. అన్ని మాంసాలకూ కలిపి ‘కోగి’. ఆ ‘మోన్’ అంటే "చేతకాదు, కుదరదు" అని. "తినను" అని మొండిగా చెప్పే ‘అన్ మొగొయో’ కన్నా ఇది మెత్తగా ఉంటుంది.

శాకాహారులు ఇంకొంచెం వివరంగా చెప్పుకోవాలి. ‘కోగి’ అంటే చాలామందికి కండ మాంసం గుర్తొస్తుంది కానీ చేప గుర్తుకు రాదు. ‘సెంగ్‌సొన్‌దో మోన్ మొగొయో’, "చేప కూడా తినలేను" అని చేర్చండి. మామూలు కిమ్చిలో ఉప్పులో ఊరిన చేపో రొయ్యో కలుస్తుంది, పులుసులకు ఎండు నెత్తళ్లు మరిగించిన నీళ్లు వాడతారు. పచ్చగా కనిపించిందల్లా శాకాహారం కాదు.

తినలేనిదాన్ని పక్కన పెట్టాక, తినగలిగిన దాన్ని గట్టిగా మెచ్చుకోండి. ‘నముల్’ (ఆకుకూర) గిన్నె దగ్గరకు లాక్కుని ‘ఇగొ చొంగ్మల్ మషిన్నెయో’ అనండి. అప్పుడు ఆవిడ కళ్లు మీరు వదిలేసిన గిన్నె మీద నిలవవు.

ఇంకొంచెం వేసుకోమంటే

వంటకు అన్నిటికంటే పెద్ద పొగడ్త మారు వడ్డన అడగడం. ‘హన్ గురుత్ తొ జుసెయో’, "ఇంకో గిన్నె పెట్టండి". కడుపులో చోటుంటే మొహమాటపడకండి. మీరు ఇష్టంగా తినడం చూసి ‘పోక్‌సురొప్కె’ తింటున్నారు అంటే సంతోషించండి, లక్ష్మీకళ ఉట్టిపడేలా తింటున్నారని అర్థం.

ఇక చాలు అనుకున్నప్పుడు ‘పెబుల్లొయో’ (కడుపు నిండింది) ఒక్కటే అనకుండా కారణం చేర్చండి: ‘నొమూ మషిస్సొసొ మని మొగొస్సొయో’. "చాలా బాగుందని బాగా ఎక్కువే తిన్నానండీ." వద్దనడమూ మెచ్చుకోవడమూ ఒకే వాక్యంలో అయిపోతాయి.

హోటల్లో, ఆఫీసులో

హోటల్లో కూరల చిన్న గిన్నెలను ‘పన్‌ఛన్’ అంటారు. చాలాచోట్ల అయిపోతే ఇంకా అడగవచ్చు, డబ్బు తీసుకోరు. అడిగేటప్పుడే ‘ఇగొ మషిన్నెయో, చోమ్ తొ జుసెయో’ అంటే, "ఇది బాగుంది, ఇంకొంచెం ఇవ్వండి", వడ్డించేవాళ్లు విసుక్కోరు. డబ్బు కట్టి వెళ్లేటప్పుడు ‘చల్ మొగొస్సుమ్నిదా’ తప్పనిసరి. దాని వెనకే ‘త్తో ఓల్‌కెయో’ ("మళ్లీ వస్తాను") అనండి. దుకాణంవాళ్లకు ఇంతకంటే తియ్యని మాట లేదు. ‘మని ఫసెయో’, "బాగా అమ్ముడుపోవాలి" అనే దీవెన లాంటి మాట కూడా ఉంది.

ఆఫీసు సంగతి మన తెలుగు నేల మీదే పనికొస్తోంది. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలైనప్పటి నుంచీ ఆ చుట్టుపక్కల కొరియన్ భోజనశాలలు వచ్చాయి, హంగుల్ బోర్డులు కనిపిస్తున్నాయి. కొరియన్ అధికారులతో కలిసి భోంచేసే తెలుగు ఉద్యోగులు ఎందరో. అక్కడ ముగింపు ఎప్పుడూ ‘మ్నిదా’ ఉండేలా చూసుకోండి. పై అధికారి బిల్లు కడితే ‘తొక్‌పునె చల్ మొగొస్సుమ్నిదా’ అనండి, "మీ పుణ్యాన బాగా తిన్నానండీ" అని. అధికారిని పేరుతో కాక హోదాకు ‘నిమ్’ చేర్చి పిలవాలి.

మర్నాడు

ఇంటికొచ్చేశాం కదా అని వదిలేయకండి. మర్నాడు పొద్దున ఒక చిన్న మెసేజ్ పంపండి: ‘ఒజే చొంగ్మల్ చల్ మొగొస్సుమ్నిదా’. "నిన్న నిజంగా చాలా బాగా తిన్నానండీ." వీలైతే నిన్న మీకు బాగా నచ్చిన ఒక్క కూర పేరు దానికి చేర్చండి. స్నేహితుడి ఇంటికి వెళ్లినట్టయితే మెసేజ్ అతనికి పంపి, అమ్మగారికి చదివి వినిపించమనండి. ఆవిడ నుంచి ‘త్తో వయో’ ("మళ్లీ రా") అని కబురొస్తే ‘నే, త్తో పుల్లొ జుసెయో’ అని జవాబు రాయండి: "తప్పకుండా, మళ్లీ పిలవండి."